బెల్టా, కెగెలా, రింగా: కాన్పు ముందూ తర్వాతా కటి కండరాలకు ఏది ఎప్పుడు

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లో సర్జికల్ షాపుకెళ్లి "డెలివరీ అయింది" అంటే పొట్ట బెల్టు చేతిలో పెడతారు. ఇంట్లో అమ్మ పాత నేతచీర మడతపెట్టి నడికట్టు బిగిస్తుంది. ఫోన్ తెరిస్తే కెగెల్ వీడియోలు, అంటే కింది కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం. తోడికోడలేమో గర్భసంచి జారితే తనకి డాక్టరమ్మ రింగు వేసిందని చెబుతుంది. ఇవన్నీ పనికొచ్చేవే, కాకపోతే ఒక్కోటి ఒక్కో ఇబ్బందికి. ఒకదాని మందు ఇంకోదానికి వాడితే డబ్బు పోవడమే కాదు, ఉన్న బాధ పెరుగుతుంది. అందుకే ఏది కొనాలి, ఎవరి దగ్గరికెళ్లాలి అనే ముందు మీ ఇబ్బంది ఏ రకమో తేల్చుకోండి.

ఇబ్బంది ఏ రకం

ముందు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా నులక మంచం అల్లికలా పరుచుకున్న కండరాలే కటి కండరాలు (పెల్విక్ ఫ్లోర్). మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివర వీటి మీదే ఆనుకుని ఉంటాయి. నార్మల్ డెలివరీలో తల దిగేటప్పుడు లోపలి అంచు కండరం మామూలు పొడవుకి మూడింతల దాకా సాగుతుంది. ఫోర్‌సెప్స్ (బిడ్డ తల పట్టి లాగే పట్టకారు) వేసిన కాన్పుల్లో అది ఎముక దగ్గర ఊడే ప్రమాదం ఇంకా ఎక్కువ. సిజేరియన్‌లో ఆ సాగుడు తప్పుతుంది గానీ తొమ్మిది నెలలు మోసిన బరువు తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. "కోత పొట్ట మీదే కదా, కింద ఏమవుతుంది" అనుకుని వాళ్లు వ్యాయామం వదిలేయడం సరికాదు. దగ్గితే మూత్రం కారి తడవడం వాళ్లకీ వస్తుంది, నార్మల్ అయినవాళ్ల కంటే తక్కువగా, అంతే.

దగ్గినా, తుమ్మినా, బిడ్డని ఎత్తినా చుక్కలు పడితే ఆసరా బలహీనపడిందని. బాత్రూం తలుపు తీసేలోగా ఆగకపోతే మూత్రాశయం తొందరపడుతోందని. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి కింద బరువెక్కి, ఏదో దిగుతున్నట్టు అనిపించి, పడుకోగానే తేలికైతే గర్భసంచో మూత్రాశయమో కిందికి జారిందని అనుమానించాలి. మంచంలో పక్కకి తిరిగినా, ఒంటికాలి మీద నిలబడినా తుంటి దగ్గరో ముందు ఎముక దగ్గరో పోటు వస్తే అది కీళ్ల నొప్పి.

ఇంకో రకం ఉంది. ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తరు, చాలాసార్లు డాక్టర్లూ అడగరు. కండరం వదులు కాక, బిగుసుకుపోవడం. కుట్ల నొప్పికి భయపడి, లేదా ముందు నుంచే ఉన్న అలవాటు వల్ల కండరం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. మూత్రం మొదలవడానికి ఆలస్యం, విసర్జన పూర్తి కాలేదనిపించడం, కూర్చుంటే మంట, కలయికలో నొప్పి. ఇలాంటివాళ్లు కెగెల్ చేస్తే బిగుసుకున్నదాన్ని ఇంకా బిగించినట్టే. వీళ్లకి ముందు కావలసింది వదలడం నేర్చుకోవడం: మోకాళ్లు మడిచి పడుకుని పొట్ట నిండా గాలి పీల్చి, పీల్చేటప్పుడే కింది భాగం సడలినట్టు ఊహించుకుంటూ రోజుకి రెండు పూటలు ఐదేసి నిమిషాలు. పైన చెప్పిన వాటిలో రెండు కనిపిస్తే కెగెల్ మొదలుపెట్టకుండా ముందు పరీక్ష చేయించుకోండి.

కడుపుతో ఉన్నప్పుడు: ఏ బెల్టు

షాపులో ఉండేవి రెండు. పొట్టని కింది నుంచి ఎత్తిపట్టే వెడల్పాటి బెల్టు ఒకటి, తుంటి చుట్టూ కట్టే సన్నటి బెల్టు ఇంకోటి. పొట్ట బరువుకి నడుం లాగుతుంటే మొదటిది. కటి కీళ్ల నొప్పికి రెండోది, దాన్ని కట్టే చోటే తప్పుతుంటారు. అది నడుం దగ్గర కాదు, పొట్ట కిందుగా, తొడ ఎముక పక్కకి పొడుచుకొచ్చే చోటి మీదుగా రావాలి. సరిగ్గా కడితే నడిచిన పది అడుగుల్లోనే తేడా తెలుస్తుంది, తెలియకపోతే చోటో బిగువో మార్చి చూడండి. షాపులోనే కట్టుకుని నడిచి, నచ్చితేనే కొనండి.

బెల్టు కంటే రోజువారీ కదలికలు ఎక్కువ ఉపశమనం ఇస్తాయి. మంచంలో తిరిగేటప్పుడు రెండు మోకాళ్లూ కలిపి ఒకేసారి తిప్పండి. లంగా, ప్యాంటు కూర్చునే తొడుక్కోండి. వన్‌టౌన్, ఆరిలోవ వైపు కొండవాలు ఇళ్లలో ఉండేవాళ్లు మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు పెట్టాలి. స్కూటీ వెనక ఒక పక్కకి కూర్చుంటే కటి మెలికపడుతుంది, అటూ ఇటూ కాళ్లు వేసినా ఈ నొప్పికి పడదు. ఆటోయే నయం. సీటు మీద ముందుగా కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోండి.

తొలిచూలు వాళ్లకి 34 వారాల తర్వాత యోనికీ మలద్వారానికీ మధ్య భాగాన్ని నూనెతో మర్దన చేసుకోవడం వల్ల కుట్లు పడే అవకాశం కొంత తగ్గుతుంది. గోళ్లు కత్తిరించి, చేతులు కడుక్కుని, బొటనవేలు రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పెట్టి కిందికీ పక్కలకీ మెల్లగా సాగదీయాలి. ఐదు నిమిషాలు, వారానికి మూడు నాలుగు సార్లు చాలు. మాయ కిందికి ఉన్నవాళ్లు, ఉమ్మనీరు పోయినవాళ్లు, ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లు చేయకూడదు.

నడికట్టా, బెల్టా, ఏదీ వద్దా

ముందుగా ఒక మాట: ఏ కట్టూ పొట్ట కొవ్వు కరిగించదు, విడిపోయిన పొట్ట కండరాల్ని తనంతట తాను కలపదు. అది చేసేదల్లా ఆసరా ఇవ్వడం. సిజేరియన్ అయినవాళ్లకి మొదటి రోజుల్లో లేవడానికి, దగ్గడానికి, నడవడానికి ఆ ఆసరా నిజంగానే పనికొస్తుంది. నార్మల్ డెలివరీ అయ్యి, ఏ నొప్పీ లేకపోతే కట్టకపోయినా నష్టం లేదు.

నేతచీర నడికట్టు తక్కువదేమీ కాదు, గాలి ఆడుతుంది, ఉతికితే శుభ్రం. విశాఖ ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు: సింథటిక్ బెల్టు కింద చెమట పట్టి, సిజేరియన్ కుట్టు దగ్గర మడతలో ఒరుసుకుని దద్దుర్లు వస్తాయి. నడికట్టుతో చిక్కేమిటంటే కట్టడానికి ఇంకొకరు ఉండాలి, పైగా పెద్దవాళ్లు నడుం సన్నబడాలని నడుం దగ్గరే గట్టిగా బిగిస్తారు. అక్కడ బిగిస్తే లోపలి ఒత్తిడంతా ఎటు పోతుంది? కిందికే. అప్పుడే సాగిన కండరం మీద రోజంతా ఆ బరువు. అందుకని తుంటి దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి, కింద బిగువుగా, పైన పక్కటెముకల దగ్గర వదులుగా, గాలి వదిలిన స్థితిలో. కట్టాక రెండు వేళ్లు లోపలికి దూరాలి, నిండుగా ఊపిరి అందాలి. కట్టగానే కింద బరువు పెరిగినట్టనిపిస్తే విప్పేయండి.

మా ఎంపిక: సిజేరియన్‌కి ఎవరి సాయం లేకుండా వేసుకోగల వెల్‌క్రో బెల్టు, లోపల పలచటి కాటన్ బనీను. నార్మల్‌కి కావాలనుకుంటే కాటన్ నడికట్టు. ఏదైనా రెండు మూడు గంటలు కట్టి విప్పాలి, రాత్రి వద్దు, ఆరు వారాలు దాటాక దాని మీద ఆధారపడొద్దు.

పొట్ట కండరాల మధ్య ఖాళీ ఉందో లేదో ఎనిమిది వారాలకి చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, బొడ్డు మీద వేళ్లు అడ్డంగా ఉంచి తల కొంచెం ఎత్తండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ వెడల్పుగా దిగబడితే, లేదా మధ్యలో గూనిలా ఉబికితే సిటప్‌లు, ప్లాంక్‌లు ఇప్పుడే వద్దు. ఫిజియోథెరపిస్టుకి చూపించండి.

వ్యాయామం: మీరే చేసుకోవాలా, ఫిజియో దగ్గరికా, మిషన్లా

1948లో అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చిన ఈ వ్యాయామానికి ఖర్చు లేదు. ఒత్తిడికి మూత్రం కారే ఇబ్బందికి ఇప్పటికీ మొదటి వైద్యం ఇదే. పని చేయలేదనేవాళ్లలో ఎక్కువమంది తప్పుగా చేసినవాళ్లో, మూడు వారాలకే మానేసినవాళ్లో.

సరైన పద్ధతి ఇది. గ్యాస్ ఆపుకున్నట్టు వెనక నుంచి మొదలుపెట్టి, మూత్రం ఆపుకున్నట్టు ముందుకి తెచ్చి, మొత్తాన్ని లోపలికీ పైకీ లాగాలి. ఊపిరి వదులుతూ లాగి, మామూలుగా ఊపిరి తీస్తూ పట్టి ఉంచాలి. మొదట్లో మూడు సెకన్లు, వారాలు గడిచేకొద్దీ పది సెకన్లు. ఎంతసేపు పట్టారో అంతసేపు పూర్తిగా వదలాలి. వదలడం కూడా వ్యాయామంలో సగం. ఇలా 8 నుంచి 12 సార్లు, ఆ తర్వాత పట్టి వెంటనే వదిలే చిన్నవి పది. రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మొదట పడుకుని, కుదిరాక కూర్చుని, చివరికి నిలబడి. కాన్పయ్యాక మూత్రం గొట్టం తీసేసి, నొప్పి ఓర్చుకోగలిగితే మొదటి రోజుల్లోనే మెల్లగా మొదలుపెట్టవచ్చు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, పిర్రలూ తొడలూ బిగించేస్తారు, ఊపిరి బిగపడతారు. అన్నిటికంటే చెడ్డది లాగడానికి బదులు కిందికి ముక్కడం. చిన్న అద్దం పెట్టుకుని చూడండి: సరిగ్గా చేస్తే కింది భాగం లోపలికి పోతుంది, బయటికి ఉబ్బితే ఆపేయండి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయడం వద్దు, మూత్రాశయం ఖాళీ అయ్యే పద్ధతి చెడుతుంది. దగ్గు, తుమ్ము వచ్చే ముందు, బిడ్డనో నీళ్ల బకెట్టునో ఎత్తే ముందు ఒకసారి బిగించడం అలవాటు చేసుకుంటే దీనివల్లే కొన్ని వారాల్లో తడి తగ్గిందని గమనిస్తారు.

తొందర రకానికి దీనితోపాటు వేళ పాటించాలి. ఇప్పుడు గంటకోసారి వెళ్తుంటే వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ మూడు గంటలకి తేవాలి. టీ, కాఫీ తగ్గించాలి, నీళ్లు మాత్రం తగ్గించకూడదు.

ఫిజియో దగ్గరికి ఎవరు వెళ్లాలి? కండరం బిగుస్తోందో లేదో అసలు తెలియనివాళ్లు, మలద్వారం దాకా చినిగినవాళ్లు, ఫోర్‌సెప్స్ కాన్పువాళ్లు, నొప్పి ఉన్నవాళ్లు మొదటి నుంచే. మిగతావాళ్లు మూడు నెలలు నికరంగా చేసినా మార్పు లేకపోతే. ఆరు వారాలు దాటాక, మీ అనుమతితో, గ్లవ్స్ వేసుకున్న వేలితో లోపలి బలం చూసి 0 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. ఆ మార్కు తెలిస్తే ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు అనేది మీకు తగ్గట్టు నిర్ణయించవచ్చు. బట్టల మీద నుంచే చూసి అందరికీ ఒకే కాగితం చేతిలో పెట్టే చోట ఆ డబ్బు దండగ. ఫోన్ చేసి మూడే అడగండి: చూసేది మహిళా ఫిజియోనా, స్త్రీల ఆరోగ్యంలో ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేశారా లేక విడిగా శిక్షణ తీసుకున్నారా, లోపలి పరీక్ష చేస్తారా. మూడు నెలల్లో నాలుగైదు విజిట్లు సరిపోయే పనికి మొదటి రోజే ముప్పై సిట్టింగుల ప్యాకేజీ చెబితే లేచి వచ్చేయండి.

మిషన్ల సంగతి. కండరం కదలికని తెర మీద చూపించే బయోఫీడ్‌బ్యాక్ మీద బ్రిటన్‌లో 600 మంది స్త్రీలతో చేసిన పరిశోధన 2020లో వెలువడింది: సరిగ్గా నేర్పిన వ్యాయామానికి అది కలిపినా, రెండేళ్ల తర్వాత చూస్తే అదనపు లాభం కనిపించలేదు. కండరానికి సన్నటి కరెంటు పంపి కదిలించే కరెంటు ప్రేరణ అసలు కండరం కదలనివాళ్లకి మొదట్లో ఆలోచించదగినది, అందరికీ కాదు. యోని బిగువుకి లేజర్ అని ప్రకటనలు చూస్తుంటారు. అలాంటి పరికరాల మీద అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరిక ఇచ్చింది, కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి మిగిలిన కేసులున్నాయని. మా మాటగా అయితే బాలింతకి అది వద్దు.

పథ్యం, మరుగుదొడ్డి, కుట్లు

పురిటి పథ్యంలో నీళ్లు తగ్గించడం, ఆకుకూరలు మాన్పించడం రెండూ కటి కండరాలకి పడవు. వెల్లుల్లి కారం, నెయ్యి అన్నం పెట్టండి, ఎవరూ వద్దనరు. పక్కన తోటకూర, బీరకాయ, బొప్పాయి పండు లేకపోతే మలబద్ధకం. ముక్కిన ప్రతిసారీ కుట్ల మీదా, సాగిన కండరం మీదా బరువే. పాలిచ్చే తల్లికి రోజుకి రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు కావాలి, మే నెలలో ఇంకొంచెం. ఇసబ్‌గోల్ తీసుకుంటే ఒకటి రెండు చెంచాలకి పెద్ద గ్లాసు నీళ్లు తప్పనిసరి, నీళ్లు తక్కువైతే అదే గడ్డకట్టి అడ్డం పడుతుంది.

నేల మీది దొడ్డిలో కూర్చునే భంగిమ మలం తేలిగ్గా రావడానికి మంచిదే. కానీ మొదటి వారాల్లో పూర్తిగా కూర్చుని లేవడం కుట్లకి, సిజేరియన్ పొట్టకి కష్టం. కమోడ్ మీద కూర్చుని పాదాల కింద 20 సెంటీమీటర్ల ఎత్తు పీట వేసుకుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి వస్తాయి, రెండిటి లాభమూ దక్కుతుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, పొట్ట వదులు చేసి, ఊపిరి వదులుతూ వెళ్లండి. ఆరు వారాల తర్వాత మీకు ఏది అలవాటో అదే. కింద బరువు ఉన్నవాళ్లు మాత్రం పీట పద్ధతిలోనే ఉండిపోవడం మేలు.

కుట్ల మీద మొదటి రోజు, రెండో రోజు గుడ్డలో చుట్టిన ఐసు పదేసి నిమిషాలు, తర్వాత గోరువెచ్చటి నీళ్ల టబ్బులో రోజుకి రెండుసార్లు పది పదిహేను నిమిషాలు. కడగడం ముందు నుంచి వెనక్కి. ప్యాడ్ నాలుగు గంటలకోసారి మార్చాలి. పసుపు, ఆముదం, బూడిద రాయొద్దు. నిప్పుల మీద సాంబ్రాణి పొగ కాళ్ల మధ్య పట్టించడం అసలే వద్దు, కుట్ల చోట స్పర్శ తక్కువుండి కాలినా వెంటనే తెలియదు.

జారితే: రింగా, ఆపరేషనా

కాన్పయిన మొదటి నెలల్లో జారినట్టనిపించేది చాలామందిలో వ్యాయామంతో, కాలంతో తగ్గుతుంది. పాలిచ్చే కాలంలో ఈస్ట్రోజన్ తక్కువుండటం వల్ల కణజాలం పలచగా ఉంటుంది. కాబట్టి తొలి ఏడాదిలో ఆపరేషన్ నిర్ణయం తీసుకోవద్దు. మళ్లీ బిడ్డని కనాలనుకుంటే ఆపరేషన్ ఇంకా వెనక్కే, కాన్పు దాని ఫలితాన్ని పాడుచేయగలదు.

ఈ మధ్యకాలానికి పెసరీ, అంటే జనం రింగు అనే, యోనిలో ఆసరాగా పెట్టే సిలికాన్ వలయం, మంచి ఎంపిక. కొలత సరిపోవడమే కీలకం: చిన్నదైతే జారి పడిపోతుంది, పెద్దదైతే ఒత్తుకుంటుంది, మూత్రం ఆగుతుంది. పెట్టాక ఆసుపత్రిలోనే నడిచి, దగ్గి, మూత్రం పోసి చూసి రండి. రింగు ఉన్నట్టే మీకు తెలియకపోతే అది సరైన కొలత. మొదటి కొలతే కుదరకపోవడం మామూలే. మీరే తీసి కడిగి పెట్టుకోవడం నేర్పమని అడగండి, కలయికకి ముందు తీసుకోవచ్చు. అలా కుదరకపోతే మూడు నుంచి ఆరు నెలలకోసారి ఆసుపత్రిలో తీయించి శుభ్రం చేయించాలి. పెట్టించుకుని మర్చిపోతే పుండు పడుతుంది. వాసన, రక్తం చుక్కలు కనిపిస్తే వెంటనే వెళ్లండి.

"పిల్లలు చాలు కదా, గర్భసంచి తీసేద్దాం" అనే సలహా దగ్గర ఆగండి. 2015-16, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలు రెండింటిలోనూ గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం మన రాష్ట్రంలోనే దేశంలోకెల్లా ఎక్కువ. జారడానికి కారణం ఆసరా వదులవడం, గర్భసంచి కాదు. సంచి తీసేసి ఆసరా కుట్టకపోతే యోని పైభాగమే తర్వాత కిందికి దిగవచ్చు. ఆపరేషన్ చెప్పిన డాక్టరుని "ఆసరా దేనికి కుడతారు, సంచి ఉంచి చేసే పద్ధతి నాకు కుదరదా, వల (మెష్) పెడతారా" అని అడగండి. యోని ద్వారా వల పెట్టి జారుడు సరిచేసే ఉత్పత్తుల అమ్మకాన్ని అమెరికాలో 2019లో ఆపించారు. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండా సంతకం పెట్టొద్దు.

విశాఖలో ఎక్కడికి

తడి, మలబద్ధకం, కుట్ల సందేహాల్లాంటి వాటికి మొదటి మెట్టు వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రం. ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 42వ రోజు దాకా ఇంటికి వచ్చే విజిట్లలో బిడ్డ బరువుతో పాటు మీ ఇబ్బంది కూడా చెప్పండి, అడిగే దాకా ఆగకండి. వన్‌టౌన్ ఘోషాసుపత్రి స్త్రీలకీ పిల్లలకీ ప్రత్యేకం, కాన్పు అక్కడే అయ్యుంటే ఆ కాగితాలతో అక్కడికే వెళ్లడం తేలిక. జారడం, మూత్రం, మలం రెండూ కారడం, పాత కుట్లు విడిపోవడం లాంటి చిక్కు కేసుకి కేజీహెచ్ మేలు: గైనిక్, యూరాలజీ, ఫిజియోథెరపీ ఒకే ఆవరణలో ఉంటాయి, ఖర్చు ఉండదు. క్యూ పొడుగు, గోప్యత తక్కువ, ఒక విభాగం నుంచి ఇంకోదానికి తిరగాలి. తోడు ఒకరుంటే, బిడ్డకి పాలిచ్చి ఉదయమే బయల్దేరితే పని జరుగుతుంది. ప్రైవేటులో సమయం, గోప్యత దొరుకుతాయి. అక్కడ మీరు కొనుక్కోవలసింది ఆ రెండూనూ, మిషన్లు కాదు. చేతిలో డబ్బు పరిమితమైతే మంచి ఫిజియో దగ్గర ఒక్క పరీక్షకి పెట్టండి. బెల్టులూ పరికరాలూ ఆ తర్వాత.

కాన్పయిన రెండో వారం నుంచి పది నిమిషాల నడక చాలు. బీచ్ రోడ్డులో అయితే చదునైన పేవ్‌మెంట్ మీద, ఇసుకలోకి దిగకుండా. కైలాసగిరి మెట్లు, జుంబా, పరుగు మూడు నెలల లోపు వద్దు, ఆ తర్వాత కూడా తడి, బరువు లేకపోతేనే.

కాన్పయ్యాకో, గొట్టం తీశాకో ఆరు గంటల్లో మూత్రం రాకపోయినా, గంటకో ప్యాడ్ నిండినా, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, దుర్వాసనతో స్రావం, ఒక కాలి పిక్క వాపు, తీవ్రమైన తలనొప్పి, తొడల మధ్య స్పర్శ పోవడం, మలం ఆపుకోలేకపోవడం ఏది కనిపించినా ఓపీ టైము కోసం చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.